పెళ్లి గుండిగలకు కళాయి

మా నాయన మాటలు నమ్మేవాడు కాదు. ఫలానావాడు మంచివాడని పదిమంది చెబితే తలూపేవాడు గానీ నమ్మేవాడు కాదు. మనిషిని ఇంటికి పిలిచి, అరుగు మీద ఆకు వేయించి, తాను ఎదురుగా పీట మీద కూర్చుని, అతను తింటుంటే చూసేవాడు. అన్నం ముందు ఎవడూ తన బుద్ధి దాచుకోలేడని ఆయన నమ్మకం. నా పెళ్లికి పనివాళ్లందర్నీ అట్లాగే ఎంచాడు. వాళ్లకి వండి పెట్టలేక మా నాయనమ్మ నడుం పడిపోయింది.

పందిరి వేసేవాడు చివరి ముద్ద తినకుండా పట్టుకెళ్లి వాకిట్లో కుక్కకి పెట్టాడు. సరే అన్నాడు నాయన. సన్నాయి మేళం పెద్ద తన ఆకు వైపు చూడకముందే డోలు వాయించేవాడి ఆకులో పప్పు పడిందా అని చూశాడు. అతనూ సరే. మాచర్ల నుంచి వచ్చిన వంటాయన మూడో ముద్దకే మొహం చిట్లించి, "ఉప్పు తగ్గింది. చింతపండు పాతది" అన్నాడు. మా నాయనమ్మకి ఒళ్లు మండిపోయింది. నాయన మాత్రం, "నా ఇంట్లో తింటా నాకే వంక పెట్టాడమ్మా. ఈయన అబద్ధం ఆడడు" అని అక్కడికక్కడే ఖాయం చేశాడు. ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ వండే బ్రాహ్మణ వంటాయన ఉండనే ఉన్నాడు. కానీ ఆయన మా ఇంట్లో మెతుకు ముట్టడు. ముట్టని మనిషిని ఎట్లా చూడాలి? అందుకని నాయన ఆయన్ని వద్దన్నాడు. ఆ కోపంతో ఆయన రెండేళ్లు మా వాకిలి వైపు తలతిప్పలేదు.

ఇప్పుడంటే నవ్వుకుంటూ చెబుతున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో దీనికి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. కారణం మా అమ్మ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ దాచేపల్లి అవతల ఒక ఊరికి ఎవరిదో పెళ్లికి వెళ్లింది. అక్కడ పులుసు కాచిన పెద్ద ఇత్తడి గుండిగకి లోపల కళాయి పోయింది. ఇత్తడి పాత్రల లోపలంతా తగరం పూత పూస్తారు, అదే కళాయి. అది అరిగిన చోట చింతపండు పులుపు తగిలితే చిలుము దిగుతుంది. ఆ పులుసు తింటే విషమే. వండించినవాడు పాత్ర లోపలికి ఒక్కసారి తొంగిచూస్తే సరిపోయేది. చూడలేదు. తిన్నవాళ్లలో చాలామందికి వాంతులయ్యాయి, ముగ్గురు లేవలేదు. అమ్మని బండిలో ఇంటికి తెచ్చారు. నన్ను దగ్గరికి పిలిచి, "నోట్లో రాగి కానీ పెట్టుకున్నట్టుందే" అంది. ఆ తరవాత నాతో ఇంకేం మాట్లాడలేదు. మూడో రోజు పోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో నాలుగు నెలలకోసారి గిన్నెలన్నిటికీ కళాయి వేయాల్సిందే. మా ఊళ్లోనే ఉండే ఒక ముసలి సాయిబు వచ్చి వేసేవాడు. పశువుల కొట్టం పక్కన చిన్న గొయ్యి తవ్వి, తోలు తిత్తితో నిప్పులు ఊది, గిన్నె కాలాక నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ తాకించి దూదితో చుట్టూ రుద్దేవాడు. తెల్లటి పొగ లేచేది. ఒక్క క్షణంలో గిన్నె లోపల వెన్నెలలాగా అయిపోయేది. అమ్మ పోయాక నేను ఆయన పక్కన్నే కూర్చునేదాన్ని, ఎవరు లేవమన్నా లేచేదాన్ని కాదు. ఆయన విసుక్కోకుండా అన్నీ చెప్పేవాడు. "కొందరు తగరంలో సీసం కలుపుతారు తల్లా. చూడ్డానికి రెండూ ఒకటే. గుడ్డ పెట్టి రుద్దు. తగరమైతే అంటదు. సీసమైతే కాటుకలాగా అంటుద్ది. దాంట్లో పులుపు వండితే తియ్యబడుద్ది, తింటే పేగులు మెలిబడి చస్తారు." పదేళ్ల పిల్లకి చెప్పాల్సిన మాటలు కావు. నేను మాత్రం కథ విన్నట్టు విని, ప్రతి గిన్నెనూ రుద్ది చూసి గానీ పడుకునేదాన్ని కాదు.

నాకు పదిహేడో ఏడు వచ్చాక కారంపూడి దగ్గర సంబంధం కుదిరింది. అప్పుడు యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు కంట్రోలు, చక్కెర కంట్రోలు, గుడ్డ కంట్రోలు. అన్నిటికీ నాయన తిరిగి తిరిగి ఏదో దారి చూశాడు. తగరానికి మాత్రం దారి దొరకలేదు. అది సముద్రం అవతల నుంచి రావాల్సిన సరుకు, ఓడలు ఆగిపోయాయి.

మా వైపు పెళ్లంటే ఒక్క ఇంటి పాత్రలతో అయ్యే పని కాదు. ఊళ్లో ఎవరికి గుండిగలుంటే వాళ్లు ఇస్తారు. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఉంటాయి, వాటిని చూసి మళ్లీ ఎవరివి వాళ్లకి చేరుస్తాం. తెచ్చుకున్నవాళ్లు వాటికి కళాయి వేయించి వాడుకోవాలి, ఆ కొత్త కళాయితోనే వెనక్కి ఇవ్వాలి. వాడి మాపి ఇస్తే జన్మలో మళ్లీ ఇవ్వరు. మాకు మొత్తం పద్నాలుగు గుండిగలు చేరాయి. నాయన ముసలి సాయిబుని పిలిపించాడు.

ఆయన గుండిగలన్నీ చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు. "తగరం లేదు బాబూ. నా దగ్గరున్న ముక్క రెండు గిన్నెలకొస్తుద్ది. పద్నాలుగంటే నా వల్ల గాదు. పొగ పెట్టి తుడిచి ఇచ్చేవోళ్లు దొరుకుతారు, నేను మాత్రం ఆ పని చెయ్యను. ఈ ఒక్కసారికి కుండల్లో వండించుకో."

"నా కూతురి పెళ్లి కుండల్లోనా?" అన్నాడు నాయన.

"కుండకేం పాపం బాబూ?"

నాయనకి ఆ మాట నచ్చలేదు. లేచి లోపలికి వచ్చేశాడు. ముసలాయన వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే ఒక కొత్త మనిషి వచ్చాడు. నడివయసువాడు, శుభ్రమైన పంచ, నెమ్మదైన మాట. తన దగ్గర యుద్ధానికి ముందు కొని దాచిన తగరం ఉందనీ, పద్నాలుగు కాదు ఇరవై గుండిగలైనా వేస్తాననీ అన్నాడు. అలవాటు ప్రకారం నాయన ఆకు వేయించాడు. ఆ రోజు వడ్డించింది నేనే, అందుకని నాకు బాగా గుర్తు. అతను మెతుకు కింద పడకుండా తిన్నాడు. వంక పెట్టలేదు, పొగడలేదు. తింటుంటే నాయన తనంతట తానే మా అమ్మ సంగతి ఎత్తాడు. ఎవరికీ చెప్పని మనిషి, ఆ రోజు ఎందుకో మొత్తం చెప్పాడు, నోట్లో రాగి కానీ అన్న మాటతో సహా. ఆ కొత్త మనిషి చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మాలాంటోళ్ల చేతుల్లోనే గదయ్యా ప్రాణాలుండేది" అన్నాడు.

"మనసున్న మనిషి" అన్నాడు నాయన, అతను వెళ్లాక. నాకూ అట్లాగే అనిపించింది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీగా ఉంది గానీ, నేనూ లోపలికెళ్లి ఏడ్చాను.

అతను మా కొట్టం పక్కన రెండు రోజులు పనిచేసి, పక్క ఊళ్లో పనుందని వెళ్లిపోయాడు. గుండిగలు బోర్లించి ఎండకి పెడితే కళ్లు చెదిరేవి. పెళ్లిపనుల్లో పడి నేను ఒక్కటి కూడా రుద్ది చూడలేదు. అయినా నాయన అన్నం పెట్టి ఎంచిన మనిషిని మళ్లీ గుడ్డ పెట్టి ఎంచాలని నాకు తోచలేదు.

పెళ్లికి ముందురోజు పొద్దున నన్ను పెళ్లికూతుర్ని చేశారు. ఒకసారి నలుగుపెట్టి బొట్టూ బుగ్గచుక్కా పెట్టాక పెళ్లికూతురు గడప దాటకూడదు, అశుభం మాట్లాడకూడదు, గొంతు పెంచకూడదు. పెరటి వైపు గదిలో చాప వేసి కూర్చోబెట్టారు. ఎండలు మండిపోతున్నాయి. మా నాయనమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ చెంబుకీ అతని చేతే కళాయి వేయించారు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, తోచక చెంబు అంచు లోపల బొటనవేలు తిప్పుతూ కూర్చున్నాను. వేలు చూసుకుంటే నల్లగా ఉంది.

కాటుక అంటిందేమో అనుకున్నాను. కొంగుతో తుడిచి, మళ్లీ రుద్దాను. మళ్లీ నలుపు. తెల్లటి తువ్వాలు తీసుకుని చెంబు లోపలికి చెయ్యి పెట్టి గట్టిగా రుద్దాను. తువ్వాలు మీద కాటుక పూసినట్టయింది. వెలుతురుకి పట్టి చూస్తే చెంబు లోపల వెన్నెల తెలుపు లేదు. నీలంగా, మబ్బుగా ఉంది.

మొదటి భయం నా గురించే. సిగ్గేముంది చెప్పడానికి, మజ్జిగ తాగింది నేనే గదా. నాలుక అంగిలికి ఆనించి, రాగి కానీ రుచి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. కాసేపటికి గుండిగలు గుర్తొచ్చాయి. పద్నాలుగు గుండిగలు. అప్పటికే పెరట్లో పొయ్యిల మీద చింతపండు పులుసు కాగుతున్న వాసన వస్తోంది.

మా నాయనమ్మ చెంబు కోసం వస్తే తువ్వాలు చూపించాను. "ఇది సీసమే నాయనమ్మా. గుండిగలన్నీ ఇంతే. పులుసు పారబొయ్యమను" అన్నాను. మాట పూర్తి కాకముందే ఆవిడ నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందే ఆ మాట? పెళ్లికూతురివై ఉండి ఆ మాట అనొచ్చా? కొత్త కళాయి, మసి అంటుద్ది. అంతే. మీ నాయన చెవిన బడితే ఏమైతాడో తెలుసా? మీ అమ్మ పోయినాక ఆ మనిషి ఎట్టున్నాడో నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలా. అవతల మగపెళ్లివారు బయల్దేరి ఉంటారు. పీటల మీద పెళ్లి ఆగితే నిన్నెవరు చేసుకుంటారే? నోరు మూసుకుని కూర్చో."

చెంబూ తువ్వాలూ రెండూ పట్టుకుపోయింది. గోడ అవతల బూడిదతో చెంబు తోముతున్న చప్పుడు వినిపించింది. ఆవిడకి తెలియక కాదు. భయపడి తోముతోంది.

నేను మళ్లీ కూర్చున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఒకవేళ నాదే పొరపాటైతే, నవసాగరం మసే అంటిందైతే, నా పెళ్లిలో నేనే విషమని కేకపెట్టినదాన్నవుతాను. నిజమైతే నాయన బతకడు. అన్నం పెట్టి చూసి, అమ్మ సంగతి చెప్పి, ఏడిపించి మరీ తెచ్చుకున్న మనిషి. సాయంత్రానికి ఎట్లాగో నాయన ఒంటరిగా దొరుకుతాడు, అప్పుడు మెల్లిగా చెబుదాం, ఇంకా టైముంది, పెళ్లి విందు రేపు గదా అనుకున్నాను. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. విందు రేపు గదా అనుకున్నాను.

మిట్ట మధ్యాహ్నం పెరట్లో ఆకులు వేశారు. పందిరి వేసినవాళ్లకీ, పసుపు దంచినవాళ్లకీ, కట్టెలు కొట్టినవాళ్లకీ ముందురోజు భోజనం పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అది నాకు తెలుసు, కానీ తలపుకి రాలేదు. వంటాయన కొత్త కళాయి గుండిగలోంచి గరిటెతో పులుసు తోడి బొక్కెనలో పోస్తున్నాడు. నా గది కిటికీకి అవతల పది అడుగుల దూరంలో వరసగా కూర్చున్నారు. ఈ చివర మా పొలంలో కలుపు తీసే అవ్వ కూర్చుంది. మా అమ్మకి పురుడు పోసినప్పుడు సాయం ఉన్న మనిషి, నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. ఆదివారం ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకి వెళ్లేది, అదొక్కటే ఆవిడ తీరుబడి.

అప్పట్లో మా పల్నాట్లో వరన్నం అంటే పండగ. ఏడాది పొడుగునా జొన్న సంకటే. అవ్వ ఆకులో తెల్లటి అన్నం పడగానే చేతులు జోడించి కళ్లు మూసుకుంది. పులుసు పోయించుకుని కలుపుకుంది. వడ్డించేవాణ్ణి మళ్లీ పిలిచి, "ఇంకాస్త పొయ్యి నాయనా, చానా బాగుంది" అంది.

నేను కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అవ్వా, తినొద్దు అంటే చాలు. నాలుగడుగులు వేసి తలుపు తీస్తే చాలు. అనలేదు. తలుపూ తీయలేదు. అరిస్తే అందరూ వస్తారు, నాయన వస్తాడు, ఎందుకని అడుగుతాడు. ఒక్క పూటకి ఏం కాదు, పొద్దుటి పులుసే గదా, రాత్రంతా ఊరితే గదా విషం అని నాకు నేనే చెప్పుకున్నాను. అది ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. అవ్వ నన్ను కిటికీలో చూసి నవ్వింది. నేనూ నవ్వాను. తిన్నాక ఒక ముంతలో పులుసు పోయించుకుని ఇంటికి పట్టుకుపోయింది.

సాయంత్రం మగపెళ్లివారి బండ్లు వచ్చాయి. సన్నాయిలతో ఎదురెళ్లారు. ఆ పూటకి సద్దిమూటలు వాళ్లే వెంట తెచ్చుకున్నారు. నాయన కొత్త ఉత్తరీయం భుజాన వేసుకుని విడిదింటికీ మా ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు, ఒంటరిగా దొరకలేదు. దొరికి ఉంటే చెప్పేదాన్నేమో, నాకు నమ్మకం లేదు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

తెల్లవారాక మంగళస్నానానికి నన్ను పెరట్లోకి తీసుకొచ్చారు. మా అత్తగారు కాబోయే ఆవిడ నలుగురు ఆడవాళ్లతో నూనె గిన్నె పట్టుకుని వచ్చింది. నూతి పక్కన పీట వేశారు. అక్కడికి మూడు బారల దూరంలో, చుట్టకుదురు మీద, పెద్ద గుండిగలో రాత్రంతా ఊరిన పులిహోర పులుసు. పక్కన చాపల మీద ఆవిర్లు కక్కుతున్న అన్నం ఆరబోసి ఉంది. విడిదింటికి మొదటి పలహారం పంపాలని తొందరపడుతున్నారు. వంటాయన గరిటె ముంచి, అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని నాకాడు. మొహం చిట్లించాడు. ఇంకోసారి నాకాడు.

"ఏందో తియ్యగా తగులుతుంది" అన్నాడు తనలో తాను. "బెల్లం వెయ్యలా నేను."

అయినా పనివాణ్ణి గుండిగ రెండో వైపు పట్టమన్నాడు. అది అన్నం మీదకి ఒంచబోతున్నారు. వెనక నుంచి మా అత్తగారు, "మా పిల్లలు రాత్రి నుంచి పులిహోర పులిహోర అంటన్నారు వదినా" అంటోంది ఎవరితోనో.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. తల మీంచి నూనె కారుతూ వెళ్లి, రెండు చేతులతో గుండిగని తోసేశాను. బరువుకి కదల్లేదు. భుజం ఆనించి తోశాను. ఒరిగింది. పులుసంతా నాపరాళ్ల మీద పారి, నూతి గట్టు దాకా వెళ్లింది. నా చీర మోకాళ్ల దాకా తడిసింది. వంటాయన గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. మా నాయనమ్మ నేల మీద చతికిలబడింది.

నాయన పరిగెత్తుకొచ్చాడు. పెళ్లినాడు అన్నం సామగ్రి నేలపాలు చేసిన కూతుర్ని చూసి చెయ్యెత్తాడు. నన్ను ఎప్పుడూ కొట్టని మనిషి. నేను ఆ చెయ్యి పట్టుకుని, గుండిగ లోపల పెట్టి రుద్దాను. ఆయన వేళ్లు నల్లబడ్డాయి. "సీసం నాయనా" అన్నాను.

ఆయన తన ఉత్తరీయం కొస తీసి తానే రుద్దాడు. చూశాడు. ఇంకో గుండిగ దగ్గరికెళ్లి రుద్దాడు. మూడోది. నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. ఒక గుండిగ మూత చంకలో పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ముసలి సాయిబు వెంట ఉన్నాడు. సాయిబు కత్తితో మూత లోపల చిన్న పెచ్చు గీకి, నాపరాయి మీద పలకపుల్లతో గీసినట్టు గీశాడు. నల్లటి గీత పడింది. "సీసమే బాబూ" అన్నాడు. నేను ముందే చెప్పానని అనలేదు. అది ఆయన పెద్దరికం.

అప్పటికి మగపెళ్లివారంతా పెరట్లో ఉన్నారు. నాయన మా మామగారి ఎదుట నిలబడి, "నేను ఎంచిన మనిషి బావగారూ. తప్పు నాది. పిల్ల తప్పు ఏం లేదు. మీరు బండ్లు కట్టుకుంటానంటే అడ్డం రాను" అన్నాడు. మామగారు నేల మీది పులుసు వైపు చూశాడు. చివరికి మా అత్తగారే అంది.

"బండ్లు ఎందుకు కట్టుకోవాలి? ఆ పిల్ల తొయ్యకపోతే ఈపాటికి మన పిల్లల ఆకుల్లో ఉండేదిగా. కుమ్మరాయన్ని పిలిపించండి. కుండల్లో వండుతారు. ఆకలైతే అందరూ తింటారు."

పెళ్లి ముహూర్తానికే జరిగింది. విందు మాత్రం పొద్దు వాలాక, కొత్త కుండల్లో. వంకలు పెట్టినవాళ్లూ ఉన్నారు, రెండుసార్లు పెట్టించుకుని మరీ పెట్టారు. పద్నాలుగు గుండిగలూ కొట్టంలో బోర్లించారు. వాటిని గీకి, తోమి, తగరం దొరికిందాకా ఎవరికీ తిరిగి ఇవ్వనని నాయన ఇంటింటికీ వెళ్లి చెప్పుకున్నాడు. ఆ కొత్త మనిషి కోసం పక్క ఊరికి మనుషుల్ని పంపితే, అట్లాంటివాడు అక్కడికి రానే లేదన్నారు. అతను తెలిసి చేశాడో, తగరమని ఎవరో అంటగట్టిన సీసం కడ్డీలు కొన్నాడో నాకు తెలియదు. ఆ కన్నీళ్లు నిజమేనేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. ఏడ్చినవాడల్లా మంచివాడు కాదనీ, ఏడుపు నిజమైనంత మాత్రాన కడ్డీ తగరం కాదనీ అప్పుడు నాకు తెలిసింది.

ఆ రోజంతా పొగడ్తలే. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి నా గడ్డం పట్టుకున్నారు. ఇన్ని ప్రాణాలు కాపాడిన పిల్లని మామగారు తనవాళ్లందరికీ పిలిచి పిలిచి చూపించాడు. నేను తల వంచుకుని కూర్చుంటే పెళ్లికూతురు సిగ్గనుకున్నారు. ఎవరైనా ఒక్కరు, ఆ గుండిగల్లో ఇంతకు ముందు వండింది ఎవరైనా తిన్నారా అని అడుగుతారని బిక్కుబిక్కుమంటూ చూశాను. ఎవరూ అడగలేదు. మా నాయనంతటి మనిషికీ తోచలేదు. నేనైనా చెప్పలేదు. చెబితే నీకెప్పుడు తెలిసిందని అడుగుతారు.

సాయంత్రం నాయన నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. పొద్దుట్నించీ మెతుకు ముట్టలేదు. "మీ అమ్మ పోయినప్పుడు ఎవడో చూసుకోలేదని తిట్టుకున్నానమ్మా ఇన్నేళ్లు. ఈసారి ఆ ఎవడో నేనే అయ్యాను" అన్నాడు. "నువ్వు చూసుకున్నావు. అది చాలు" అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున అప్పగింతలయ్యాక బండెక్కాను. పందిరి విప్పడానికి రావాల్సినవాళ్లు ఇద్దరు రాలేదనీ, కడుపునొప్పితో పడుకున్నారనీ ఎవరో అంటుంటే విన్నాను. ఇంతలో అవ్వ వచ్చింది. కర్ర పట్టుకుని, రెండో చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, పదడుగులకోసారి ఆగుతూ వచ్చింది. బండి చక్రం పట్టుకుని నిలబడి, నా పాదం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా, చెమటగా ఉంది.

"యేసయ్య నిన్ను చల్లగా చూడాల తల్లీ. ఎంతమందిని కాపాడితివి. నిన్న సాయంత్రం నుంచి నాకు పేగులు మెలిబెడతన్నయి. మేం ముందునాడే తింటిమి గదా, ఇంటికాడ మిగిలింది పొద్దున్నే కూడా తింటి. అదేనేమో అనుకుంటున్నా." నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది. తెరిచాక అడిగింది. "నీకెప్పుడు తెలిసింది తల్లీ?"

నాయన బండి పక్కనే ఉన్నాడు. మా అత్తగారు నా వెనక కూర్చుని ఉంది.

"నిన్న పొద్దున అవ్వా" అన్నాను. "నూతి కాడ."

"అంతే గదా మరి" అంది అవ్వ. "ముందే తెలిస్తే చెప్పేదానివేగా. కిటికీలోనే ఉంటివి."

ఆవిడ పది రోజులు మంచాన పడి లేచిందని తరవాత తెలిసింది. లేచింది కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. ఆ మాట ఆవిడ నన్ను పొడవడానికి అందో, నిజంగానే అందో అడిగే ధైర్యం నాకు ఎప్పటికీ రాలేదు. అవ్వ చక్రం మీంచి చెయ్యి తీసి పక్కకి జరిగింది, బండివాడు ఎడ్లని అదిలించాడు.